వెచ్చని నీళ్లలో డైవింగ్ నేర్చుకుని చల్లని నీళ్లకు వెళ్తున్నారా? రాయలసీమ డైవర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

సముద్రం చూడాలంటే గంటల తరబడి ప్రయాణం చేయాల్సిన జిల్లాలు మనవి. అయినా మన పిల్లలు స్కూబా నేర్చుకుంటున్నారు. కడప నుంచి చెన్నై మీదుగా పుదుచ్చేరికి, గుంతకల్లులో రైలెక్కి గోవాకు, నాలుగు డబ్బులు కూడితే అండమాన్‌కు వెళ్లి ఓపెన్ వాటర్ అనే మొదటి మెట్టు డైవింగ్ సర్టిఫికెట్ తెచ్చుకుంటున్నారు. తర్వాత పై చదువుకో, ఉద్యోగానికో బ్రిటన్, ఐర్లాండ్, కెనడా చేరతారు. అక్కడి డైవింగ్ క్లబ్బు వైపు చూసేసరికి నీళ్లు 10 డిగ్రీలని తెలుస్తుంది. అప్పుడు ఫోన్లు మొదలవుతాయి. మాది ప్రొద్దుటూరు. నేనూ ఆ దారిలోనే వెళ్లినవాణ్ణి కాబట్టి నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. డ్రై సూట్ (ఒంటికి నీళ్లు తగలనివ్వని సూటు) కోర్సులో చేరేముందు చదువుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది. కోర్సు మాత్రం చేసి తీరాలి.

మేం 44 డిగ్రీల ఎండలో పెరిగినవాళ్లం. మా ఒళ్లు చల్లని నీళ్లకు తట్టుకుంటుందా?

తట్టుకుంటుంది. ఆ మాటకొస్తే, చలిదేశంలో పుట్టినవాళ్లు కూడా 8 డిగ్రీల నీళ్లలో సూటు లేకుండా ఎక్కువసేపు ఉండలేరు. నీరు గాలికంటే సుమారు 25 రెట్లు వేగంగా ఒంట్లోని వేడిని లాగేస్తుంది. కర్నూలువాళ్లకైనా గ్లాస్గోవాళ్లకైనా ఆ వేడిని కాపాడేది సూటే. మీరు నిజంగా సాధన చేయాల్సినవి రెండున్నాయి. ఒకటి, దిగిన మొదటి రెండు మూడు నిమిషాల్లో ఊపిరి అదుపులో పెట్టుకోవడం. రెండోది, మొద్దుబారిన వేళ్లతో పని చేయడం. కింద ఏ ప్రశ్నకు జవాబు చెప్పినా తిరిగి తిరిగి ఈ రెండింటి దగ్గరికే వస్తాను.

అసలు ఎన్ని డిగ్రీలుంటే చల్లని నీళ్లు అంటారు?

అండమాన్‌లో నీళ్లు 27 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటాయి. దానికి అలవాటుపడ్డవాళ్లకు 20 కూడా చలే. సిలిండర్‌లోని గాలి ఒత్తిడి తగ్గించి నోటికి అందించేది రెగ్యులేటర్. దాని యూరోపియన్ ప్రమాణం ఈఎన్ 250 మాత్రం 10 డిగ్రీల దగ్గర గీత గీసింది. అంతకంటే చల్లని నీళ్లకు పనికొస్తుందని చెప్పే రెగ్యులేటర్‌ను 4 డిగ్రీల నీళ్లలో పరీక్షిస్తారు. ఆ పరీక్ష లేనిదాని మీద 10 డిగ్రీల పైనే వాడాలనే గుర్తు ఉంటుంది. సొంత రెగ్యులేటర్ పట్టుకెళ్లేవాళ్లు ముందు ఆ గుర్తు చూసుకోండి.

ఇక చోట్ల సంగతి. స్కాట్లాండ్ సముద్రం చలికాలం చివర్లో 6, 7 డిగ్రీలకు దిగి, వేసవి చివరికి 13, 14కు వస్తుంది. ఐస్‌లాండ్‌లోని సిల్ఫ్రా చీలికలో ఏడాది పొడవునా 2 నుంచి 4 డిగ్రీలే. బాలి పక్కనున్న నుసా పెనిడా ఉష్ణమండలమే అయినా, జులై నుంచి అక్టోబరు మధ్య లోతు నుంచి చల్లని నీరు పైకి వచ్చి కొన్ని రోజులు 20 కిందికి పోతుంది. స్కాట్లాండ్ కంటే ముందు నడిమెట్టు కావాలనుకునేవాళ్లకు అది మంచి చోటు. కాకపోతే అక్కడ ప్రవాహాలు బలంగా ఉంటాయి, కొత్తవాళ్లు ఒంటరిగా నిర్ణయం తీసుకోకూడదు.

నీళ్లలో దిగగానే ఏమవుతుంది?

చర్మం ఒక్కసారిగా చల్లబడగానే మన ప్రమేయం లేకుండానే ఒక పెద్ద ఊపిరి లోపలికి వచ్చేస్తుంది. ఆపుదామన్నా ఆగదు. ఆ వెంటనే రొప్పు, గుండె దడ, బీపీ పెరగడం. దీన్నే కోల్డ్ షాక్ అంటారు. మొదటి అర నిమిషంలో తీవ్రంగా ఉండి, రెండు మూడు నిమిషాల్లో దానంతట అదే తగ్గుతుంది. ఆ పెద్ద ఊపిరి వచ్చే క్షణంలో నోరు నీళ్లలో ఉండి, నోట్లో రెగ్యులేటర్ లేకపోతే ప్రాణం మీదికి వస్తుంది.

డ్రై సూట్ వేసుకుంటే చల్లదనం తగిలేది ఎక్కువగా ముఖానికే కాబట్టి తీవ్రత తగ్గుతుంది. అయినా దిగగానే కిందికి పోవాలని తొందరపడొద్దు. తాడు పట్టుకుని పైనే ఉండండి. లోపలికి పీల్చడం గురించి ఆలోచించకుండా, నెమ్మదిగా, పూర్తిగా బయటికి వదలడం మీద మనసు పెట్టండి. ఊపిరి మామూలైందని మీకు అనిపించాక, బడ్డీకి, అంటే మీతో జోడీగా దిగే డైవర్‌కు, ఓకే చూపించాకే దిగాలి.

ఇంట్లో ఐసు నీళ్లతో ప్రాక్టీసు చేయొచ్చా?

చేయొచ్చు, ఫలితం ఉంటుంది కూడా. బ్రిటన్‌లోని పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయంలో మైక్ టిప్టన్ బృందం చల్లని నీళ్ల మీద చాలా ఏళ్లుగా పరిశోధన చేస్తోంది. రెండు మూడు నిమిషాల చొప్పున ఐదారుసార్లు చల్లని నీళ్లలో మునిగితే కోల్డ్ షాక్ దాదాపు సగానికి తగ్గుతుందని వాళ్లు తేల్చారు. అంటే నెలల తరబడి తపస్సు చేయనక్కర్లేదు.

మన దగ్గర కుళాయి నీళ్లు చల్లగా రావు కాబట్టి ఐసు లెక్క తెలుసుకోవాలి. 100 లీటర్ల నీళ్లను 28 డిగ్రీల నుంచి 15కు దింపాలంటే సుమారు 14 కిలోల ఐసు కావాలి. కూర్చుంటే నడుం దాకా నీళ్లొచ్చే డ్రమ్ములో 200 లీటర్లు పడతాయనుకుంటే 28 కిలోలు. ఐసు ఫ్యాక్టరీ నుంచి గడ్డ తెచ్చి పగలగొట్టి వేసుకోవచ్చు. ఎండాకాలం మధ్యాహ్నం మిద్దె మీద పెడితే ఐసు త్వరగా కరిగిపోయి నీళ్లు మళ్లీ వేడెక్కుతాయి, అందుకని పొద్దున్నే నీడలో చేయండి. 15 డిగ్రీలు చాలు. కాళ్లతో మొదలుపెట్టి మెల్లగా దిగాలి, తల ముంచకూడదు, మూడు నిమిషాలకు మించకూడదు.

నాకు ఇంతకంటే నచ్చిన సాధన ఒకటుంది. ఇది ఐసు కొనలేనివాళ్లకు కూడా కుదురుతుంది. వెడల్పాటి బేసిన్‌లో నీళ్లు పోసి, ఫ్రిజ్‌లోని ఐసు ముక్కలు రెండు ట్రేలు వేయండి. నోట్లో స్నార్కెల్ (ఊపిరి గొట్టం) పెట్టుకుని, మాస్క్ లేకుండా ముఖం అందులో ముంచండి. మొదట ముక్కు మొదలు, కనుబొమల మధ్య పోటు వస్తుంది. గొంతు బిగుసుకుంటుంది. తల పైకి లాగేయాలనిపిస్తుంది. అలాగే ఉండి నోటితో మెల్లగా పది శ్వాసలు తీయండి. రోజూ చేస్తే ఆ బిగుసుకోవడం తగ్గడం మీకే తెలుస్తుంది. చల్లని నీళ్లలో మాస్క్ ఊడినప్పుడు జరిగేది సరిగ్గా ఇదే.

రెండు సాధనల్లోనూ పక్కన ఇంట్లోవాళ్లు ఒకరు ఉండాలి. గుండె జబ్బు, గుండె లయలో తేడా, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్లు డాక్టరు ఒప్పుకోకుండా వీటి జోలికి పోవద్దు. చల్లదనం చర్మానికి తగిలితే గుండె వేగం పెరగమంటుంది, ముఖం మునిగితే తగ్గమంటుంది. ఈ రెండూ ఒకేసారి గుండె మీద పడితే లయ తప్పే ప్రమాదం ఉంది.

చలికాలంలో మా బావిలో ఈత కొడితే సరిపోదా?

సరిపోదు. భూగర్భ జలం ఆ ఊరి ఏడాది సగటు వేడికి దగ్గరగా ఉంటుంది. మన వైపు అది 25 డిగ్రీలకు పైమాటే. జనవరి పొద్దున బావి నీళ్లు గోరువెచ్చగా అనిపించేది అందుకే. నడుముకు సొరకాయబుర్ర కట్టుకుని బావిలో ఈత నేర్చినవాళ్లకు నీళ్లంటే భయం ఉండదు, అది పెద్ద ఆస్తి. చలికి మాత్రం అది శిక్షణ కాదు.

గండికోట, శ్రీశైలం నీళ్లలో సిలిండర్‌తో ప్రాక్టీసు చేస్తే?

వద్దు. ఆ నీళ్లు చల్లగా ఉండవు, పైగా జలాశయాల్లో గేట్ల దగ్గర లాగుడు, కింద ముళ్లచెట్లు, చేపల వలలు ఉంటాయి. అనుమతి, తోడు బోటు, శిక్షణ పొందిన బృందం లేకుండా అక్కడ దిగడం ఎవరికీ మంచిది కాదు.

7 మిల్లీమీటర్ల వెట్ సూట్ చాలా, డ్రై సూట్ కావాలా?

15 డిగ్రీల పైన ఒకటి రెండు చిన్న డైవులకు హుడ్ (తల, మెడ కప్పే టోపీ), గ్లవ్స్‌తో 7 మిల్లీమీటర్లు చాలామందికి సరిపోతుంది. 10 డిగ్రీల దగ్గర, అంతకన్నా కింద డ్రై సూటే తీసుకోండి. వెట్ సూట్‌ను కుట్టే నియోప్రీన్ రబ్బరులో వేడి ఆపేది అందులోని గాలి బుడగలు. లోతుకు వెళ్లేకొద్దీ అవి నలిగిపోయి, మందం తగ్గి, చలి ఎక్కువగా ఉన్న చోటే సూటు పలచబడుతుంది. రెండో డైవ్‌కు తడి సూట్‌తో పడవ మీద గాలికి కూర్చోవడం ఇంకో బాధ.

కొత్త డ్రై సూట్ ధర లక్ష దరిదాపుల్లో మొదలై పైకి పోతుంది. మొదటి ఏడాది కొనకండి. క్లబ్బులో, డైవ్ సెంటర్లో అద్దెకు తీసుకుని, మీ మెడకు, మణికట్టుకు ఏ సీల్ (నీళ్లు లోపలికి రాకుండా బిగుతుగా పట్టే అంచు) సరిపడుతుందో తెలిశాక కొనండి. డబ్బు పెట్టాల్సింది ముందు లోపలి బట్టల మీద.

డ్రై సూట్ నేర్చుకోవడం కష్టమా?

కష్టం కాదు, కొత్త. సూటులో గాలి ఉంటుంది. దిగుతుంటే ఆ గాలి నలిగి సూటు ఒంటిని నొక్కుతుంది, అప్పుడు ఛాతీ మీది వాల్వ్ నొక్కి కొద్దికొద్దిగా గాలి చేర్చాలి. పైకి వస్తుంటే అదే గాలి ఉబ్బుతుంది, ఎడమ చేతి మీది వాల్వ్ నుంచి వదలాలి. మోచెయ్యి పైకెత్తితేనే గాలి ఆ వాల్వ్ దగ్గరికి చేరుతుంది. తల కిందికి, కాళ్లు పైకి అయితే గాలంతా పాదాల్లోకి పోయి బెలూన్‌లా పైకి లాక్కెళ్తుంది. మోకాళ్లు ఛాతీకి ముడుచుకుని ముందుకు దొర్లి నిటారుగా రావడం, వెంటనే గాలి వదలడం స్విమ్మింగ్ పూల్‌లోనే పదేపదే చేయాలి. పాడీ అనే డైవింగ్ శిక్షణ సంస్థ డ్రై సూట్ కోర్సులో ఒక పూల్ సెషన్, రెండు ఓపెన్ వాటర్ డైవులు ఉంటాయి. వెచ్చని నీళ్ల డైవర్లు కోర్సు అయ్యాక కూడా తక్కువ లోతులో ఇంకొన్ని డైవులు చేశాకే లోతు గురించి ఆలోచించాలని నా గట్టి అభిప్రాయం.

కోర్సు పుస్తకాల్లో కనిపించని విషయాలు మనవాళ్లకు కొన్ని చెప్పాలి. మణికట్టుకు గుడిలో కట్టిన దారం ఉంటే, లేటెక్స్ సీల్ కింద ఆ దారం వెంబడే నీళ్లు లోపలికి పాకుతాయి. మోచేతిదాకా తడిసిపోతుంది. దారాన్ని సీల్ దాటి పైకి జరపాలి, కుదరకపోతే తీసి జాగ్రత్తపెట్టాలి. గాజులు, ఉంగరాలు, పొడుగు గోళ్లు సీల్‌ను చింపుతాయి. తలకు కొబ్బరినూనె పెట్టుకున్న రోజు మెడ సీల్ తల మీదుగా లాగొద్దు, నూనె లేటెక్స్‌ను పాడుచేస్తుంది. లోపల కాటన్ బనియన్ వేసుకోకండి. చెమటకు తడిసి ఒంటికి అంటుకుని చల్లబడుతుంది. మెరీనో ఉన్ని కానీ, పాలిస్టర్ థర్మల్ కానీ ముందు, దాని మీద ఫ్లీస్ లేదా థిన్సులేట్ సూటు. అన్నీ వేసుకుని ఎండలో నిలబడి కబుర్లు చెప్పొద్దు. మిగతా సామాను సర్దుకున్నాక చివర్లో తొడుక్కోవాలి.

రెగ్యులేటర్ గడ్డకట్టడం అంటే ఏమిటి?

సైకిల్ ట్యూబులోంచి గాలి వదిలేటప్పుడు వాల్వ్ దగ్గర వేలికి చల్లగా తగులుతుంది కదా, ఇదీ అదే. సిలిండర్‌లో 200 బార్ల ఒత్తిడి దగ్గరున్న గాలి ఫస్ట్ స్టేజ్‌లో (రెగ్యులేటర్‌లో సిలిండర్‌కు బిగించే భాగం) ఒక్కసారిగా సుమారు 10 బార్లకు పడిపోతుంది. అప్పుడది సున్నా కిందికి చల్లబడుతుంది. చుట్టూ ఉన్న నీళ్లు వెచ్చగా ఉంటే ఆ చలిని భర్తీ చేస్తాయి. 4, 5 డిగ్రీల నీళ్లు అంత వేడి ఇవ్వలేవు. మంచు పేరుకుని వాల్వ్ తెరుచుకుని ఉండిపోతుంది. గాలి ఆగకుండా బుసబుసమని పోతూ కొన్ని నిమిషాల్లో సిలిండర్ ఖాళీ అవుతుంది.

రాకుండా చూసుకోవాలంటే, లోపలి భాగాలకు నీరు తగలని సీల్డ్ డయాఫ్రమ్ ఫస్ట్ స్టేజ్ వాడండి. ఒడ్డున చలి సున్నా డిగ్రీల దగ్గరగా ఉంటే అక్కడ నిలబడి ఊపిరి పీల్చి పరీక్షించొద్దు, నోటి తేమే లోపల మంచవుతుంది. రెగ్యులేటర్ నోటి భాగం మీద గాలి వదిలే పర్జ్ బటన్ గట్టిగా నొక్కొద్దు. బీసీడీలోకి (గాలి నింపి తేలడాన్ని అదుపు చేసే జాకెట్), సూటులోకి గాలి చిన్నచిన్నగా కొట్టండి. గాలి కొడుతూ అదే సమయంలో ఊపిరి తీయొద్దు. అన్నిటికన్నా ముఖ్యం, రొప్పకుండా ఉండడం. వేగంగా ఊపిరి తీసేకొద్దీ ఎక్కువ గాలి పారి, అంత ఎక్కువ చల్లబడుతుంది. కోల్డ్ షాక్ తగ్గేదాకా పైనే ఆగమన్నది అందుకు కూడా.

వస్తే ఏం చేయాలి? పెదాలు బిగించకుండా పక్క నుంచి గాలి తాగుతూ, బడ్డీ ఆక్టోపస్‌కు (అదనపు నోటి రెగ్యులేటర్) మారి, మామూలు వేగంతో ఇద్దరూ పైకి రావాలి. బడ్డీకి మీ సిలిండర్ వాల్వ్ అందితే మూసేస్తారు. ఇది పూల్‌లో చేసి చూడకుండా చల్లని నీళ్లకు వెళ్లకండి.

మరో చిన్న సంగతి: రెగ్యులేటర్‌ను సిలిండర్‌కు బిగించే పద్ధతులు రెండు. మన దగ్గర సిలిండర్లకు ఎక్కువగా యోక్ ఉంటుంది, యూరప్‌లో డిన్ ఎక్కువ. అడాప్టర్ ఉందో లేదో ముందే అడగండి.

గ్లవ్స్ వేసుకుంటే ఏ పనీ చేయలేకపోతున్నాను. ఎలా?

ఇదే నేను అందరికంటే ఎక్కువ నొక్కి చెప్పే విషయం. 5 మిల్లీమీటర్ల గ్లవ్స్‌తో మాస్క్ పట్టీ కూడా చేతికి తగలదు. అరగంటకు వేళ్లలో బలం పోతుంది. అండమాన్‌లో చూడకుండా చేసిన పనులన్నీ చల్లని నీళ్ల కోసం మళ్లీ నేర్చుకోవాలి. ఇంట్లో కూర్చుని నేర్చుకోవచ్చు. ఒక కుర్చీకి బీసీడీ తగిలించండి. లేకపోతే ఒక బెల్టుకు డబుల్ ఎండర్, బోల్ట్ స్నాప్ (రెండూ సామాను తగిలించే లోహపు కొక్కేలు), టార్చ్, చిన్న రీల్ (తాడు చుట్ట) కట్టండి. చేతులు ఐసు బేసిన్‌లో రెండు నిమిషాలు పెట్టి, మందపాటి గ్లవ్స్ తొడుక్కుని, కళ్లు మూసుకుని వరుసగా చేయండి: వెయిట్ పాకెట్ లాగి మళ్లీ పెట్టడం, ఇన్‌ఫ్లేటర్ గొట్టం ఊడదీసి తగిలించడం, బోల్ట్ స్నాప్ తీయడం, లోతు, సమయం చూపే డైవ్ కంప్యూటర్ బటన్ నొక్కడం. బోల్ట్ స్నాప్ పిన్ను గ్లవ్ రబ్బరులో ఇరుక్కుని జారుతుంది. బొటనవేలి కొసతో కాకుండా వేలి మడతతో వెనక్కి లాగితే వస్తుంది. పెద్ద స్నాప్‌లు కొనుక్కుంటే ఇంకా సులువు.

ఒక పని గ్లవ్స్‌తో ఒడ్డున చేయలేకపోతే నీళ్లలో అస్సలు చేయలేరు. అలాంటి పరికరం డైవ్‌కు తీసుకెళ్లొద్దు, అది కెమెరా అయినా సరే.

హుడ్ వేసుకుంటే ఊపిరాడనట్టు, తల తిరిగినట్టు ఉంది. మామూలేనా?

మొదట్లో ఇరుకుగా అనిపించడం మామూలే. ఇంట్లో టీవీ చూస్తూ వేసుకుంటే అలవాటవుతుంది. కానీ మెడ దగ్గర మరీ బిగుతుగా ఉంటే మెడలోని రక్తనాళాల మీద ఒత్తిడి పడి గుండె వేగం తగ్గి కళ్లు తిరుగుతాయి. ఆ హుడ్‌ను, ఆ మెడ సీల్‌ను మార్చాల్సిందే. నీళ్లలో ఒక చెవిలోకి ముందు చల్లని నీరు పోయినా లోకమంతా గిర్రున తిరుగుతుంది. దిగేముందు హుడ్ అంచు కాస్త లాగి రెండు చెవుల్లోకీ ఒకేసారి నీళ్లు పోనివ్వండి. కిందుండగా తల తిరిగితే తాడో రాయో పట్టుకుని కదలకుండా ఉండండి, లోపలి నీరు వెచ్చబడగానే తగ్గుతుంది.

బీపీ, షుగర్, ఆస్తమా ఉన్నవాళ్లు వెళ్లొచ్చా?

డైవింగ్ తెలిసిన డాక్టరు చూసి చెప్పాల్సిన మాట ఇది. అండమాన్‌కు సరిపోయిన మెడికల్ ఫారం ఇక్కడ సరిపోతుందని అనుకోవద్దు. చల్లని నీళ్లలో చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుని రక్తం ఛాతీలోకి చేరుతుంది, బీపీ పెరుగుతుంది. బీపీ ఉన్నవాళ్లకు ఊపిరితిత్తుల్లో నీరు చేరే ప్రమాదం ఎక్కువ. ఏ కష్టమూ చేయకుండానే ఆయాసం, దగ్గు, గులాబీ రంగు నురగ వస్తే డైవ్ ఆపి పైకి వచ్చి వెంటనే వైద్యం చేయించుకోవాలి. సిలిండర్ గాలి పొడిగా, చల్లగా ఉంటుంది, ఆస్తమాను రేపుతుంది. చలికి వేళ్లు తెల్లగా పాలిపోయి నొప్పి పుట్టేవాళ్లు ఆ సంగతి కూడా డాక్టరుకు చెప్పండి.

డ్రై సూట్‌లో బాత్రూమ్‌కు ఎలా?

సిగ్గుపడాల్సిన ప్రశ్న కాదు. చలికి మూత్రం ఎక్కువ వస్తుంది. పెద్దల డైపర్ వేసుకోవడం చాలామంది చేసే పనే. అలవాటైనవాళ్లు సూటుకు పీ వాల్వ్ (మూత్రం బయటికి పంపే గొట్టం) పెట్టించుకుంటారు. ఈ భయంతో నీళ్లు తాగడం మానేస్తే ఒంట్లో నైట్రోజన్ బుడగలు కట్టే డికంప్రెషన్ జబ్బు ముప్పు పెరుగుతుంది.

డైవ్ ముందు ఏం తినాలి?

రెండు గంటల ముందు కడుపు నిండా, మరీ బరువు కాకుండా. సంగటి పొద్దున్నే అలవాటున్నవాళ్లు తినొచ్చు, దొరికితే కదా! రెండు డైవుల మధ్య చెనిక్కాయల ఉండలు, ఫ్లాస్క్‌లో వేడి టీ బాగా పనికొస్తాయి. వణుకుకు ఒళ్లు చక్కెర ఖర్చు పెడుతుంది. మద్యం ముందురోజు రాత్రి నుంచే వద్దు. అది వేడి పుట్టిస్తుందన్నది అపోహ, చర్మంలోని రక్తనాళాలను తెరిచి ఉన్న వేడిని బయటికి పంపుతుంది.

బరువు ఎంత పెట్టుకోవాలి?

మునగడానికి కట్టుకునే బరువులు అండమాన్‌లో 4 కిలోలతో దిగినవాళ్లకు డ్రై సూట్‌తో 10, 12 కూడా పడొచ్చు. సిలిండర్ స్టీలా, అల్యూమినియమా, నీళ్లు ఉప్పువా, మంచివా అన్నదాన్ని బట్టి మారుతుంది. డైవ్ చివర 50 బార్ల దగ్గర 5 మీటర్ల లోతులో కదలకుండా నిలబడగలగాలి, కొలత అదే.

మొదటి చల్లని డైవ్ ఎక్కడ, ఎప్పుడు చేయాలి?

సముద్రం గాలికంటే ఆలస్యంగా వేడెక్కి ఆలస్యంగా చల్లబడుతుంది. బ్రిటన్ చుట్టూ నీళ్లు ఆగస్టు, సెప్టెంబరుల్లో అత్యంత వెచ్చగా, ఫిబ్రవరి, మార్చిల్లో అత్యంత చల్లగా ఉంటాయి. సెప్టెంబరు ఇన్‌టేక్‌కు వెళ్లేవాళ్లకు ఇది కలిసొచ్చే విషయం. దిగిన వారంలోనే క్లబ్బులో పేరు రాయించుకోండి. జనవరిలో వెళ్లేవాళ్లు వేసవిదాకా పూల్‌లో సాధన చేస్తూ ఆగండి. లెస్టర్ దగ్గరున్న స్టోనీ కోవ్ లాంటి నీళ్లు నిండిన పాత క్వారీల్లో ప్రవాహం ఉండదు, లోతు మెట్లుమెట్లుగా ఉంటుంది, మొదలుపెట్టడానికి బాగుంటాయి. స్కాట్లాండ్ ఉత్తరాన ఉన్న స్కాపా ఫ్లోలో 1919 జూన్ 21న జర్మన్ నావికులు తమ ఓడలను తామే ముంచేసుకున్న చోటును చూడాలని అందరికీ ఉంటుంది. అవి లోతుగా ఉన్నాయి, నీళ్లు మసకగా ఉంటాయి. అనుభవం వచ్చాక వెళ్లండి. సిల్ఫ్రాలో డైవ్ చేయాలంటే డ్రై సూట్ సర్టిఫికెట్ కానీ, డ్రై సూట్‌తో లాగ్ చేసిన 10 డైవులు కానీ అడుగుతారు.

పైకి రాగానే వేడినీళ్ల స్నానం చేయొచ్చా?

వెంటనే వద్దు. ఒళ్లు ఒక్కసారిగా వేడెక్కితే కరిగి ఉన్న నైట్రోజన్ బుడగలు కట్టే అవకాశం పెరుగుతుంది. ముందు తడి బట్టలు మార్చుకుని, టోపీ పెట్టుకుని, వేడిగా ఏదైనా తాగండి. డైవ్ చివర్లో చలితో ఉన్నప్పుడు నైట్రోజన్ బయటికి పోవడం నెమ్మదిస్తుంది కాబట్టి కంప్యూటర్‌ను ఒక మెట్టు జాగ్రత్త వైపు పెట్టుకోవడం మంచిది.

సూటు ఇంటికి తెచ్చుకుంటే అనంతపురం ఎండలో ఎలా దాచాలి?

మిద్దె మీద ఆరేయొద్దు. ఎండకు లేటెక్స్ జిగురై చిట్లిపోతుంది. నీడలో ఆరబెట్టి, సీల్స్‌కు వాసన లేని టాల్క్ రాసి, జిప్‌కు దాని మైనం పూసి, ఇంట్లో చల్లగా ఉండే గదిలో వదులుగా మడిచి పెట్టండి. మన బోరు నీళ్లలో ఉప్పులు ఎక్కువ. కడిగాక వాల్వ్‌ల మీద తెల్లటి పొర కట్టి బిగుసుకుంటాయి. చివరిసారి ఆర్‌ఓ నీళ్లతో వాల్వ్‌లు, జిప్ కడగండి.

చలి ఎక్కువవుతోంది, డైవ్ ఎప్పుడు ఆపేయాలి?

మీకు అనుమానం వచ్చినప్పుడే. చేతులు కట్టుకుని భుజాలు రుద్దుకుంటే చలి వేస్తోందని బడ్డీకి అర్థమవుతుంది. ఆ సైగ ఎవరు చేసినా ఎదురు ప్రశ్న లేకుండా ఇద్దరూ వెనక్కి తిరగాలని ఒడ్డు మీదే మాట్లాడుకోండి. ప్రతి పది నిమిషాలకు బొటనవేలిని చిటికెనవేలికి తాకించి చూడండి. తాకించలేకపోతే, ఆగని వణుకు మొదలైతే, అప్పటికే ఆలస్యమవుతోంది. నేను చల్లని నీళ్లలో 80 బార్లకే పైకి బయల్దేరమని చెబుతాను. చలికి గాలి ఖర్చు ఎక్కువ, వేళ్లు పనిచేయని చోట ప్రతి పనికీ రెట్టింపు సమయం పడుతుంది.

ఒంటి లోపలి వేడి 35 డిగ్రీల కిందికి పోతే అది హైపోథర్మియా. మాట తడబడడం, పొంతన లేకుండా మాట్లాడడం, చల్లగా ఉన్నా వణుకు ఆగిపోవడం ప్రమాద సూచనలు. ఆ మనిషిని నడిపించకుండా పడుకోబెట్టి, తడి బట్టలు తీసేసి, దుప్పట్లు చుట్టండి. చేతులు, కాళ్లు రుద్దొద్దు. స్పృహ బాగా ఉంటేనే తియ్యటి వేడి పానీయం ఇవ్వండి. బ్రిటన్ తీరంలో అయితే 999కు ఫోన్ చేసి కోస్ట్‌గార్డ్‌ను అడగాలి, డైవింగ్ చేసి వచ్చారని మొదటి మాటలోనే చెప్పాలి.